అండాలు, వీర్యం దాచుకోవడం: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులకు కొదవ లేదు. అయినా ఒక విడ్డూరం చూస్తుంటాం. రేపో మాపో క్యాన్సర్‌కు కీమో మొదలుకాబోయే పాతికేళ్ల కుర్రాడికి ‘ముందు వీర్యం దాచిపెట్టుకో బాబూ’ అని చెప్పే నాథుడు ఉండడు. పీసీఓడీ తప్ప ఇంకే తేడా లేని ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం ఎగ్ ఫ్రీజింగ్ ప్యాకేజీ చేతిలో పెట్టి పంపుతారు. కావలసినవాళ్లకు కబురు అందడం లేదు, అక్కర్లేనివాళ్లకు అమ్మకం జరిగిపోతోంది. ల్యాబ్‌లో పనిచేసే మాకు ఫోన్లలో, కౌంటర్ దగ్గర వచ్చే ప్రశ్నలను దాదాపు అడిగినవాళ్ల మాటల్లోనే కింద పెట్టాం. జవాబులు అందరికీ వర్తించే విషయాల వరకే. మీ రిపోర్టులు చూసి చెప్పాల్సింది మీ డాక్టరు.

అసలు ఏమేం దాచుకోవచ్చండీ?

నాలుగు. వీర్యం, అండాలు, పిండాలు (అండాన్ని, శుక్రకణాన్ని ల్యాబ్‌లో కలిపితే తయారయ్యేవి), అండాశయం నుంచి తీసిన ముక్క.

అన్నిటికంటే పాతది, తేలికైనది వీర్యం. ఫ్రీజ్ చేసిన వీర్యంతో 1953లోనే అమెరికాలో గర్భాలు నిలిచాయి. అండం అలా లొంగలేదు. మనిషి ఒంట్లో అన్నిటికంటే పెద్ద కణం అది, లోపల నీరు ఎక్కువ. మెల్లగా చల్లబరిస్తే ఆ నీరు మంచు పలుకులై కణాన్ని లోపలి నుంచే చీల్చేసేది. తర్వాత విట్రిఫికేషన్ వచ్చింది. కణంలోని నీటిని చాలావరకు తీసేసి, రక్షక ద్రవాలు ఎక్కించి, ఒక్క క్షణంలో మైనస్ 196 డిగ్రీలకు దించేస్తారు. పలుకులు కట్టే వ్యవధే ఉండదు. ఈ ఫలితాలు చూశాకే 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం ‘ఎగ్ ఫ్రీజింగ్ ఇక ప్రయోగం కాదు’ అని ప్రకటించింది.

పిండాల సంగతికొస్తే మనవాళ్లు గర్వపడాల్సిన కథ ఒకటుంది, సిగ్గుపడాల్సిన కథ కూడా అదే. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేసిన టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో 1978 అక్టోబరు 3న ఒక పాప పుట్టింది. ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ ఇంగ్లండులో పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. పైగా ఆయన పిండాన్ని 53 రోజులు ఫ్రీజ్ చేసి ఉంచి, తర్వాత గర్భసంచిలో పెట్టానన్నారు. సర్కారు వేసిన కమిటీ ఆ మాట నమ్మలేదు, ఎగతాళి చేసింది. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. గుర్తింపు వచ్చేసరికి మనిషి లేడు. ఇవాళ ఏ ఐవీఎఫ్ కేంద్రానికి వెళ్లినా పిండాన్ని ముందు ఫ్రీజ్ చేసి, మరో నెలలో పెట్టడం మామూలు సంగతి.

మా తమ్ముడికి క్యాన్సర్ అన్నారు. పెళ్లి కాలేదు. ఏం చేయాలి?

కీమో మొదటి డోసు పడకముందే వీర్యం దాచండి. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఒక్క పూట పని. మూడు నాలుగు రోజుల వ్యవధి దొరికితే రెండు మూడు శాంపిళ్లు ఇవ్వవచ్చు. దొరక్కపోతే ఒక్కటైనా చాలు. ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని సూదితో ఎక్కించే ఇక్సీ పద్ధతి వచ్చాక కౌంట్ తక్కువగా ఉన్న శాంపిల్ కూడా పనికొస్తోంది. కీమో మొదలయ్యాక తీస్తే ఆ కణాల్లోని జన్యు పదార్థం దెబ్బతిని ఉండవచ్చు, అందుకే ‘ముందే’ అని అన్నిసార్లు అంటాం.

అన్ని మందులూ ఒకే స్థాయిలో దెబ్బ తీయవు. సైక్లోఫాస్ఫమైడ్ జాతి మందులు అండాశయాలకు, వృషణాలకు బాగా చేటు. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేట్‌తో ఆ భయం చాలా తక్కువ. అయితే అది వాడుతున్నప్పుడు మాత్రం గర్భం రాకూడదు, పిండానికి ప్రమాదం. కాబట్టి క్యాన్సర్ డాక్టరును ‘పిల్లలు పుడతారా’ అని ఊరికే అడిగితే చాలదు. ‘ఏ మందు ఇస్తున్నారు, దానివల్ల ముప్పు ఎంత’ అని అడగండి.

మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్తున్నా, గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కు వెళ్తున్నా, ప్రైవేటులో చూపించుకుంటున్నా ఈ ప్రశ్న మీరే ఎత్తాలి. డాక్టరు దృష్టి ప్రాణం మీద ఉంటుంది, అది తప్పు కాదు. తల్లిదండ్రులు పక్కనే కూర్చుని ఉంటే ఆ కుర్రాడు నోరు తెరవడు. అక్కో, బావో, స్నేహితుడో చొరవ తీసుకోవాలి.

అదే ఆడపిల్ల అయితే?

సుమారు రెండు వారాలు పడుతుంది. వెనకటిలా నెలసరి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఏ రోజున్నా సూదులు మొదలుపెట్టవచ్చు. రోజూ పొట్ట మీద ఇంజెక్షన్ 10 నుంచి 12 రోజులు, మధ్యమధ్య స్కానింగులు, చివర్లో అండాలు పక్వమవడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్, అది వేసిన 35 గంటలకు కాస్త అటూఇటూగా మత్తిచ్చి అండాలు తీస్తారు. తీయడం అరగంట లోపు పని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారు.

అంత వ్యవధి లేనప్పుడు, లేదా ఇంకా రజస్వల కాని చిన్నపిల్లకు, లాపరోస్కోపీతో అండాశయం నుంచి ముక్క తీసి ఫ్రీజ్ చేస్తారు. చికిత్సంతా అయ్యాక తిరిగి అతికిస్తే హార్మోన్లు కూడా మొదలవుతాయి. ఇలా చేసే కేంద్రాలు తక్కువ. బ్లడ్ క్యాన్సర్‌లో మాత్రం ఆ ముక్కలో క్యాన్సర్ కణాలు దాగి ఉండే ప్రమాదం ఉంది. పొత్తికడుపుకు రేడియేషన్ ఇవ్వాల్సివస్తే, కిరణాలు తగలని చోటికి అండాశయాలను జరిపే ఆపరేషన్ ఉంది. కీమో సమయంలో అండాశయాలను నిద్రపుచ్చే నెలవారీ ఇంజెక్షన్లు కొంత కాపాడతాయి, కానీ ఫ్రీజింగ్ బదులుగా వాటినే నమ్ముకోకూడదు. మీసాలు రాని మగపిల్లల విషయంలో వృషణపు ముక్క దాచడం ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

క్యాన్సర్ లేదు. చాక్లెట్ సిస్ట్ ఆపరేషన్ చెప్పారు. మాకూ ఇది అవసరమా?

చాలామందికి తట్టని సందర్భం ఇది. చాక్లెట్ సిస్ట్ అంటే ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) వల్ల అండాశయంలో వచ్చే గడ్డ. దాన్ని ఒలిచేటప్పుడు దాంతోపాటు మంచి కణజాలం కూడా కొంత పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. రెండు వైపులా గడ్డలుంటే, లేదా ఇది రెండో ఆపరేషన్ అయితే, కత్తి పెట్టకముందే అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి ఫ్రీజింగ్ గురించి మాట్లాడండి. లూపస్‌కు (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడిచేసే జబ్బు) సైక్లోఫాస్ఫమైడ్ వాడబోయేవాళ్లు, తలసీమియాకు బోన్ మ్యారో మార్పిడికి వెళ్తున్నవాళ్లు, తల్లికీ అక్కకీ 40 లోపే నెలసరి ఆగిపోయిన ఇంటి ఆడపిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

మా అమ్మాయికి పీసీఓడీ. పిల్లలు పుట్టరేమోనని ఇప్పుడే అండాలు దాచమంటున్నారు.

అక్కర్లేదు. పీసీఓడీలో అండాలకు కొరత ఉండదు, అవి నెలనెలా విడుదల కాకపోవడమే ఇబ్బంది. ఏఎంహెచ్ సాధారణంగా ఎక్కువే ఉంటుంది. మందులతో అండం విడుదలయ్యేలా చేస్తే ఎక్కువమందికి గర్భం నిలుస్తుంది. పైగా ఇలాంటివాళ్లకే ఆ సూదులతో అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరే ప్రమాదం ఎక్కువ. హాస్టల్లో ఉండి, నిద్రలేక, నూడుల్స్ తిని, ఇంటర్ రెండేళ్లలో పది కిలోలు పెరిగిన పిల్లకు ముందు కావలసింది నడక, సరైన తిండి.

పెళ్లి కాని అమ్మాయి చేయించుకోవచ్చా? లోపలి నుంచి స్కాన్ చేస్తారంటున్నారు...

చట్టం అడ్డురాదు. సంతాన సాఫల్య చికిత్సలకు హద్దులు పెట్టే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం ప్రకారం 21 నుంచి 50 ఏళ్ల లోపు స్త్రీలు, 21 నుంచి 55 ఏళ్ల లోపు పురుషులు ఈ సేవలు పొందవచ్చు. ఒంటరి స్త్రీ కూడా పొందవచ్చు.

రెండో ప్రశ్న తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. పొట్ట మీద నుంచి స్కానింగ్ చేయమని అడగవచ్చు, చేస్తారు. అండాలు తీసే సూది మాత్రం ఎక్కువగా యోని మార్గంలోనే వెళ్తుంది, మత్తులోనే. దానివల్ల కన్నెపొరకు ఏమవుతుందో అన్న బెంగ ఉంటే డాక్టరమ్మతో నేరుగా మాట్లాడండి. ఆ పొర చాలామందిలో ఆటపాటల్లోనే సాగిపోతుంది, దాన్ని చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఇంత చదివించిన అమ్మాయి విషయంలో నిర్ణయం ఈ ఒక్క భయం మీద ఆగిపోకూడదు.

ఎన్ని అండాలు దాచాలి? గ్యారంటీ ఉంటుందా?

గ్యారంటీ అన్నమాట ఎవరైనా అన్నారంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పుట్టినప్పుడు ఆడపిల్లకు 10 నుంచి 20 లక్షల అండాలుంటాయి, రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400, 500. మిగతావి ఎవరి ప్రమేయం లేకుండానే కరిగిపోతాయి. 35 దాటాక సంఖ్యతోపాటు నాణ్యత కూడా వేగంగా పడిపోతుంది. ఏఎంహెచ్ చెప్పేది సంఖ్య గురించే. నాణ్యత చెప్పేది మీ పుట్టినరోజు. 35 లోపు అయితే పక్వమైన అండాలు 10 నుంచి 15 దాచుకుంటే మంచి అవకాశం ఉన్నట్టే. 40 దగ్గరపడితే అంతకు రెట్టింపు ఉన్నా ఆ ధీమా రాదు, అన్ని ఒక్క సైకిల్‌లో (సూదులు మొదలుపెట్టి అండాలు తీసేదాకా ఒక విడత) దొరకవు కూడా. బయటికి తీసినప్పుడు పదింటిలో ఎనిమిదో తొమ్మిదో బతుకుతాయి, వాటిలో కొన్నే పిండాలవుతాయి, ఆ పిండాల్లో కొన్నే నిలుస్తాయి. ముప్పై రెండేళ్లకు దాచుకున్నవాళ్లలో చాలామందికి తర్వాత వాటితో పనే పడదు. అది తెలిసి, మనసు నెమ్మది కోసం దాచుకుంటే తప్పేమీ లేదు. అప్పు చేసి మాత్రం వద్దు.

గుంటూరులో డెబ్భై దాటిన అమ్మమ్మకే కవలలు పుట్టారు కదా. ఇక తొందరేముంది?

2019 సెప్టెంబరు నుంచి ఈ ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ఆ కాన్పులో వాడినవి దాత ఇచ్చిన అండాలు. గర్భసంచి హార్మోన్లకు ఆ వయసులో కూడా స్పందిస్తుందని అది చూపించింది, అంతే. అండాలకు వయసు రాదని కాదు. 2021 చట్టం వచ్చాక 50 దాటిన స్త్రీకి ఐవీఎఫ్ చేయడమే కుదరదు.

అండాలు దాచాలా, పిండాలా?

పెళ్లయి, ఇద్దరూ ఒక మాట మీద ఉంటే పిండాలు మేలు, ఎన్ని తయారయ్యాయో అప్పుడే తెలిసిపోతుంది. కానీ పిండం మీద ఇద్దరికీ హక్కు. రేపు విడాకులైతే, ఒకరు ఒప్పుకోకపోతే అది అక్కడే ఉండిపోతుంది. అండాలు ఆమెవి. సంసారం మీద ఏ కాస్త సందేహం ఉన్నా అండాలే దాచుకోమంటాను. పిండాలను పదేళ్లకు మించి ఉంచకూడదని చట్టంలో ఉంది.

మగపిల్లాడి పిండాలే ఏరి దాచవచ్చా?

కుదరదు. నేరం.

మూఢం ఉంది, శ్రావణమాసంలో మొదలుపెడదామా?

సరదాకి దాచుకునేవాళ్లయితే మీ ఇష్టం. కీమో తేదీ పడ్డవాళ్లకు మూఢం లేదు, ఆషాఢం లేదు.

కరెంటు పోతే పాడైపోవా? బుడమేరు మళ్లీ వస్తే?

ట్యాంకుకు కరెంటుతో పనే లేదు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మోటారు ఆగితే సరుకు గతి ఏమవుతుందో గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. దీని పద్ధతి వేరు. రెండు గోడల మధ్య గాలి తీసేసిన అల్యూమినియం పాత్ర, నిండా ద్రవ నైట్రోజన్. మూత తీస్తే తెల్లటి పొగ అంచు మీదుగా జారి నేలకు దిగుతుంది. లోపల నంబర్లు వేసిన డబ్బాలు వేలాడుతుంటాయి, ఒక్కో డబ్బాలో సన్నటి స్ట్రాలు. ఒక్కో దాని మీద పేరు, ఐడీ నంబరు, తేదీ. నైట్రోజన్ కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది కాబట్టి పొడవాటి స్కేలు ముంచి తీసి గాలిలో రెండుసార్లు ఆడిస్తాం. ఎంతవరకు ద్రవం ఉందో అంతవరకు తెల్లగా మంచు గీత కడుతుంది. ఆ అంకె రిజిస్టర్‌లో రాసి, తగ్గితే నింపుతాం. ఆ చలిలో కణం లోపల ఏ చర్యా జరగదు, ఏళ్లు గడిచినా దాని వయసు పెరగదు.

వరద భయం మాత్రం సరైన భయమే. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ వైపు నీళ్లు వచ్చినప్పుడు రోజుల తరబడి బండి కదల్లేదు. నైట్రోజన్ బండి కూడా బండే కదా. కాబట్టి చేరేముందు మూడు సంగతులు అడగండి. ట్యాంకులు ఏ అంతస్తులో ఉన్నాయి? నింపకుండా ఎన్ని రోజులు ఆగుతాయి? ఉష్ణోగ్రత పెరిగితే రాత్రిపూట ఎవరి ఫోన్‌కు అలారం వస్తుంది? 2018 మార్చిలో అమెరికాలో క్లీవ్‌లాండ్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో ట్యాంకులు చెడి వేల అండాలు, పిండాలు పోయాయి. క్లీవ్‌లాండ్‌లో అలారం పనిచేయలేదు. డబ్బున్న దేశంలోనే అలా జరిగింది. అడగడానికి మొహమాటపడకండి.

శాంపిల్ గుంటూరులో ఇంట్లోనే తీసి విజయవాడ తేవచ్చా?

ఫ్రీజింగ్‌కైతే సెంటర్‌లోనే ఇవ్వడం మంచిది. గంటలోపు ల్యాబ్‌లో ఉండాలి, వారధి మీద బండ్లు ఆగితే ఆ గంట అక్కడే అయిపోతుంది. తప్పనిసరైతే ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే తీసి, చొక్కా లోపల ఒంటికి ఆనించి తెండి. ఐసులో పెట్టకండి. మామూలు కండోమ్, నూనె, ఉమ్ము ఏవీ తగలకూడదు. అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా చూసుకోవాలి. గదిలోకి వెళ్లి ఒత్తిడితో ఇవ్వలేకపోయేవాళ్లు ఎంతోమంది. మరో రోజు రావచ్చు, సిగ్గుపడాల్సిన పని కాదు.

జిమ్‌లో ఇంజెక్షన్లు వాడాను. కౌంట్ సున్నా వచ్చింది.

టెస్టోస్టెరాన్ బయటి నుంచి వస్తే ‘ఇక నీతో పనిలేదు’ అని మెదడు వృషణాలకు కబురు ఆపేస్తుంది. ఒళ్లు పెరుగుతుంది, శుక్రకణాల తయారీ పడకేస్తుంది. చాలామందికి మానేశాక నెలల్లో తిరిగి వస్తుంది, కొందరికి ఏడాది పైన పడుతుంది. ఒక శుక్రకణం తయారవడానికే రెండున్నర నెలలు కావాలి, కాబట్టి వారానికోసారి పరీక్ష చేయించి కుంగిపోకండి. ముందు ఆ సూది ఆపి యూరాలజిస్టును కలవండి. కోచ్ ఇచ్చే ‘రికవరీ’ మందులు వద్దు.

అమ్మాయి అమెరికాలో ఉంటుంది. సంక్రాంతికి మూడు వారాలు వస్తుంది. ఇక్కడ చేయించి అక్కడికి తీసుకెళ్లొచ్చా?

మూడు వారాల్లో ఒక సైకిల్ పూర్తవుతుంది, ఏఎంహెచ్, స్కానింగ్ అక్కడే ముందుగా చేయించుకుని వస్తే. తీసుకెళ్లడం తేలిక కాదు. సొంత అండాలైనా, సొంత వాడకానికైనా దేశం దాటించాలంటే ఈ చికిత్సల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వపు నేషనల్ బోర్డు అనుమతి ఉండాలి. రేపు పిల్లలు కనేది అక్కడే అయితే, ఖర్చెక్కువైనా అక్కడే దాచుకోవడం గురించి ఒకసారి ఆలోచించండి.

ఇరవై మూడుకే ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు మళ్లీ బిడ్డ కావాలి.

మన రాష్ట్రంలో ఇది ఇంటింటి ప్రశ్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పది మంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఈ ఆపరేషన్ అయింది. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, మారు మనువు చేసుకున్నవాళ్లు వస్తారు. ఆపరేషన్ వల్ల అండాలకు ఏమీ కాదు, దారి మాత్రమే మూసుకుంటుంది. ట్యూబు తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది. వయసు తక్కువై, ట్యూబు తగినంత పొడవు మిగిలి ఉంటే అదే మేలు, ఆ తర్వాత నెలనెలా అవకాశమే. లేకపోతే ఐవీఎఫ్.

అసలు బాధ గర్భసంచి తీయించేసుకున్నవాళ్లది. ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి. తెల్లబట్ట అవుతోందనో, నడుము నొప్పనో, ‘క్యాన్సర్‌గా మారుతుంది’ అని ఎవరో భయపెట్టారనో ముప్పై అయిదు లోపే తీయించేస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ క్షణం నుంచే ముట్లుడిగిన శరీరం. ఇంకో డాక్టరుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

దాచడం సరే, ఉన్నది చెడకుండా ఏం చేయాలి?

సిగరెట్, గుట్కా మానాలి. పొగ తాగే స్త్రీలకు ముట్లు ఏడాది రెండేళ్లు ముందే ఆగుతాయి. బాయిలర్ల దగ్గర, బట్టీల్లో, గంటల తరబడి స్టీరింగ్ ముందు కూర్చునే మగవాళ్లకు వేడి శత్రువు, ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువుంటేనే శుక్రకణాలు సరిగా తయారవుతాయి. మిర్చికి, పత్తికి మందు కొట్టేటప్పుడు చొక్కా విప్పేసి కొట్టే అలవాటు మానాలి. గవదబిళ్లలు వచ్చిన కుర్రాడికి వృషణం వాస్తే వెంటనే చూపించాలి. మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు కొని వేసుకుని, ఇన్‌ఫెక్షన్‌తో ట్యూబులు మూసుకుపోయినవాళ్లను చూస్తుంటాం. గర్భసంచికి టీబీ వస్తుందని చాలామందికి తెలియదు. అది దగ్గు లేకుండానే ట్యూబులను, లోపలి పొరను తినేస్తుంది. పెళ్లయి ఏడాదైనా గర్భం రాకపోతే, 35 దాటినవాళ్లు ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి పరీక్షలకు వెళ్లాలి. కోడలిని ఒక్కదాన్నే తిప్పడం వల్ల పోయేది కాలమే.

ఖర్చు ఎంత? ఎక్కడ మోసపోతాం?

వీర్యం దాచడం వేలల్లో పని. అండాలకు లక్ష దాటుతుందనే అనుకోండి. బోర్డు మీద రాసే అంకెలో ఇంజెక్షన్లు తరచూ ఉండవు, అసలు బరువు వాటిదే. ఏటా కట్టే అద్దె వేరు. కట్టడం ఆపేస్తే ఏం చేస్తారో, మనిషి పోతే ఎవరికి ఇస్తారో ఒప్పంద పత్రంలో రాయించుకోండి. చనిపోయిన కొడుకు వీర్యం కోసం తల్లిదండ్రులు కోర్టుకెక్కిన కేసులో 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. అయినా ఆ పత్రంలో రెండు లైన్లు రాసి ఉంటే కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. కేంద్రానికి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, నంబరు గోడ మీద ఉందా చూడండి. క్యాన్సర్ చికిత్స ప్రభుత్వ పథకంలో అవుతోంది కదా, ఫ్రీజింగ్ కూడా అందులోనే వస్తుందని అనుకుని కూర్చోకండి, ముందే అడగండి.

కీమో ఎల్లుండే అన్నారు. ఇప్పుడు అడిగి లాభముందా?

మగవాళ్లయితే ఈ రోజే రండి. ఆధార్, క్యాన్సర్ డాక్టరు రాసిన చీటీ, ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రిపోర్టులు తెచ్చుకోండి. లేకపోతే రక్తం ఇక్కడే తీస్తారు. స్త్రీలైతే ‘రెండు వారాలు ఆగితే ప్రాణానికి ముప్పా’ అని క్యాన్సర్ డాక్టరునే అడగండి. కొన్ని రకాల్లో ఆగవచ్చంటారు, కొన్నింట్లో ఒక్క రోజు కూడా వద్దంటారు. వద్దంటే కీమోకే వెళ్లండి.